దసరా నాడు పార్టిషన్ జరిపిన మొనగాడు

పండగ పూట, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, చెల్లెలి రెండేళ్ల చదువును ఒక్క నొక్కుతో ప్రాణం మీదికి తెచ్చిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మాది నల్లగొండ పక్కన పానగల్. అప్పట్లో నాకు విండోస్ బదులు వాడే లినక్స్ అంటే పిచ్చి. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్లోనూ అదే ఎక్కించాను. చెల్లెలు సుజాత టీచరు పరీక్షకు నోట్సు టైపు చేసుకునే తెలుగు సాఫ్ట్‌వేరేమో విండోస్‌లో తప్ప నడవదు. అందుకని లినక్స్ లోపలే ఒక వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో విండోస్ వేసిచ్చాను. కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ అన్నమాట. అది పెరిగీ పెరిగీ, దసరా నాటికి డిస్కులో తానున్న భాగంలో జాగా లేకుండా చేసింది. పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది.

డిస్కులో పక్క భాగం, అదే పక్క పార్టిషన్, ఖాళీగానే ఉంది కదా, దాన్ని కుదించి దీన్ని పెంచుదామని కూర్చున్నాను.

"ఇయ్యాల పనిముట్లు ముట్టొద్దురా, పూజ చెయ్యాలె" అంది అమ్మ.

"నేను ముడుతలేనమ్మా. ఒక్కసారి నొక్కిన, ఇగ అదే చేసుకుంటది."

"నా నోట్సుకేం గాదు గదా అన్నా?" అంది సుజాత.

"నీ అన్న మీద గంత నమ్మకం లేదా?"

సుజాత లోపలికి వెళ్లింది. నేను గారెలు తింటూ తెర మీద నడిచే గీతను చూస్తున్నాను. సగం దాకా వచ్చిందో లేదో, తెర ఠక్కున నల్లబడింది. యూపీఎస్ బ్యాటరీ ఏనాడో చచ్చింది.

"కరెంటేమైంది?" అని అరిచాను.

"నేనే బంద్ చేసిన" అన్నాడు నాయిన వాకిట్లోంచి. "మీటరుకు బొట్టు పెడ్తున్న. షాక్ కొడ్తే ఎట్లరా?"

మా ఇంట్లో దసరాకు కొడవలి మొదలు కరెంటు మీటరు దాకా అన్నిటికీ బొట్టే. పుట్టినప్పటి నుంచి చూస్తూ కూడా మరిచిపోయిన తెలివి నాది!

కరెంటొచ్చింది, లినక్స్ రాలేదు. డిస్కులో ఏమీ లేదంటోంది. రెండేళ్లు కోడి కంటే ముందు లేచి టైపు చేసుకున్న పేజీలవి.

"సుజాతా, నీ నోట్సు పోయిందే..." నా గొంతు మేకపిల్ల గొంతయింది.

అది తిట్టలేదు. చెయ్యి పట్టుకుని దేవుడి ముందుకు తీసుకెళ్లింది. కొడవలికీ పానాకీ నడుమ, నుదుట బొట్టుతో ఒక పెన్‌డ్రైవ్!

"నువ్వు కంప్యూటర్ బాగుచేస్త అన్నప్పుడల్లా కాపీ తీస్త. పొద్దుగాల్నే తీసిన."

"మరి దేవుని ముంగట ఎందుకు పెట్టినవ్?"

"నీ చెయ్యి పోని జాగా ఇంట్ల గదొక్కటే అన్నా."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఇప్పుడు సుజాత టీచరమ్మ. బళ్లో కంప్యూటర్ పాఠానికి మొదటి ఉదాహరణ నేనేనట.

కాబట్టి యావన్మందికీ ప్రమాణపూర్వకంగా తెలియజేయునది: చెల్లెలు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప, ఈ జన్మలో ఏ పార్టిషన్ జోలికీ పోను.