గుట్ట మీద పాయసం

మా మేనత్త చౌడమ్మ లెక్కలో మనిషి గుట్ట ఎక్కడానికి కారణాలు మూడే. మేకైనా తప్పిపోవాలి, పొయ్యిలోకి కట్టెలైనా అయిపోవాలి, లేదా వానైనా ఎగ్గొట్టాలి. ఇవేవీ కాక ఊరికే ఎక్కేవాడుంటే, వాడికి తిన్నది అరగలేదని అర్థం. నల్లమాడ పక్కన మా ఊళ్ళో ఆ రోగం ఎవరికీ రాలేదు. అందుకని కోతులగుట్ట కోతులకే మిగిలింది.

అట్లాంటి గుట్టను ఎక్కి ఆనందించమని అరవై మూడులో సర్కారువారు మాకు కబురు పెట్టారు.

అంతకు ముందు గుట్ట కింద వంకకు అడ్డంగా చెరువుకట్ట వేశారు. కట్ట బ్రహ్మాండంగా వచ్చింది. నీళ్ళే రాలేదు. రెండేళ్ళు చూసి, ఇక చేసేదేం లేక కాబోలు, దాన్ని విహారవనం చేశారు. చుట్టూ ముళ్ళకంచె, లోపల సిమెంటు బెంచీలు, గుండ్లు ఎక్కడానికి మోకులు, చెరువులో షికారుకు నీలం రంగు పడవ. పగుళ్ళిచ్చిన మట్టిలో పడవ ఒరిగిపోకుండా రెండు పక్కలా రాళ్ళు పెట్టారు. ఆ వనానికి కావలివాణ్ణి నేను, ఆదెప్పను. మా వంశంలో సర్కారు కొలువు చేసిన మొదటివాణ్ణి. రోజూ పొద్దున్నే వెళ్ళి పడవ మీది దుమ్ము దులిపేవాణ్ణి.

ఇక మా అత్త సంగతి. మామ పాము కరిచి పోయాక మడక ఆమే పట్టింది. ఆడది దున్నితే వానలు పడవని ఊరి పెద్దమనుషులు గొణిగారు. "మీరు దున్నినప్పుడు కట్టలు తెగినాయేమప్పా?" అంది. అత్తకు పిల్లలు లేరు. ఉన్నవి రెండు ఎద్దులు, కర్రోడు, మైలోడు. పొద్దస్తమానం వాటిని తిట్టేది. వేరేవాళ్ళు ఒక్క మాటంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఆ ఏడు చెనక్కాయ పూతకు వచ్చి వాన కోసం ఎదురుచూస్తోంది. ఒక్క పదును వాన పడితే కాయ ఊరుతుంది, చెట్టు ఎద్దులకు ఏడాది మేత అవుతుంది. పడకపోతే ఎద్దుల్ని హిందూపురం సంతకు తోలాలి. కరువు సంతలో ఎద్దుల్ని దున్నడానికి ఎవరూ కొనరని అత్తకు తెలుసు. అందుకే ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

అప్పుడే నేను తప్పెట కొట్టి చాటాను. "వచ్చే ఆదివారం పెద్దాఫీసరు వస్తాండాడు. పిల్లా జెల్లా, ముసిలీ ముతకా అందురూ గుట్ట ఎక్కల్లహో!"

అత్త వాకిట్లోకి వచ్చింది. "దేనికిరా?"

"ఊరికే అత్తా. విహారం."

"పోరా! సర్కారోళ్ళకు ఆ మాత్రం తెలివి ఉండదా? ఇట్లాంటి కరువులో ఊరంతా గుట్టెక్కేది దేనికి? వరదపాయసానికి. నీకే సరిగ్గా చెప్పిండరు."

వరదపాయసం మా దగ్గర వాన కోసం చేసే ఆఖరి మొర. గుట్ట మీద కొర్రబియ్యం, బెల్లం వేసి పాయసం వండి, కడిగిన బండ మీద పోస్తారు. ఊరంతా చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, దాన్ని నాలుకతో నాకాలి. మనుషులు పశువులైపోయారని చూసి దేవుడికి జాలి పుట్టాలి. సర్కారు దానికి ముహూర్తం పెట్టిందని అత్త ఊరంతా చెప్పింది. ఊరు నమ్మింది. నేను కాదన్నాను. నా మాట ఎవడు వింటాడు?

ఆదివారం పెద్దాఫీసరు తెల్ల ప్యాంటుతో, బూట్లతో వచ్చాడు. ఉపన్యాసం వినడానికి కింద ఒక్క మనిషి లేడు. "అందరూ అప్పుడే ఎక్కేశారా! ఏం ఉత్సాహం!" అని మురిసిపోయి, మోకు పట్టుకుని రొప్పుతూ పైకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే అత్త బండ మీద పాయసం పోస్తోంది. తనకు విందు చేస్తున్నారనుకున్నాడు పాపం.

"నాకు ఆకులో పెట్టమ్మా," అన్నాడు.

"ఆకులో తింటే వాన రాదు సార్. వంగి పసువు మాదిరి నాకల్ల."

"నేనా?"

"గుట్టెక్కమని చెప్పింది మీరే గదా? ఇప్పుడు నాకనంటే ఎట్ల? ఊరికి పదును పడకపోతే ఆ పాపం ఎవురికి?"

ఊరంతా మోకాళ్ళ మీద ఉండి ఆయన వైపే చూస్తోంది. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, వంగాడు. కళ్ళజోడు పాయసంలో పడింది. సర్కారు మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ఒక్కరోజే.

వాన వచ్చింది! ఆ వారంలోనే, ఉరుములతో, కుండపోతగా. కానీ మా వానల సంగతి తెలిసిందే కదా, ఎద్దు ఒక కొమ్ము తడిపి రెండో కొమ్ము వదిలేస్తాయి. గుట్టకు ఇవతల, వనం మీదే కురిసింది. పడవ తేలింది. కంచె లోపల గరిక మోకాలెత్తు లేచింది. గుట్టకు అవతల అత్త చేనులో దుమ్ము లేచింది, అంతే. గట్టు మీద నిలబడి ఆమె ఉరుములు వింది. ఆ సాయంత్రం ఎద్దుల్ని ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకు భయం వేసింది.

చేను ఎండింది. కంచెకు మాత్రం కొత్త బోర్డు వచ్చింది: పశువులకు ప్రవేశం లేదు. గడ్డి అందానికట. ఒక్క పరక పోయినా నా కొలువు పోతుందన్నారు.

సంత ఇంకో మూడురోజులుందనగా, ఆదివారం పొద్దున అత్త వనం గేటు దగ్గరికి వచ్చింది. వెంట కర్రోడు, మైలోడు. కడిగి, కుంకుమ పెట్టి, మెడల్లో గంటలు కట్టింది.

"యాడికత్తా?"

"విహారానికి."

"నువ్వు రా. ఎద్దులు రాగూడదు. బోర్డు ఉండాది."

"నాకు చదువు రాదు. వాటికీ రాదు."

"నా కొలువు పోతాది అత్తా!"

"పోతే పోనీరా. మడక పట్టేది నేర్పిస్తా. ఎద్దులుంటే గదా, నేర్పించేది?"

గేటు తీశాను.

తీశానో లేదో, జీపు వచ్చింది. తన దొరసానిని షికారుకు తీసుకొచ్చాడు ఆఫీసరు. గడ్డిలో ఎద్దుల్ని చూసి ఆయన ముఖం కందగడ్డ అయ్యింది. నోరు తెరిచేలోపే అత్త ఎదురు వెళ్ళింది.

"బాగుండావా సార్? నువ్వు నాకిన పాయసానికే ఈ గడ్డి మొల్చింది. మా ఎద్దుల్ని గూడా రోంత నాకనీ."

"నాకడమేమిటండీ?" అంది దొరసాని.

"ఏం లేదు, ఏం లేదు!" అన్నాడాయన. నా వైపు తిరిగి, "గడ్డి మరీ పెరిగిపోయిందయ్యా, పాములు చేరతాయి. రోజూ మేపించు," అని ఆమెను గబగబా పడవ వైపు నడిపించుకుపోయాడు.

కర్రోడు, మైలోడు తల ఎత్తలేదు. అత్త వెళ్ళి సిమెంటు బెంచీ మీద కూర్చుంది. మా ఊరివాళ్ళు ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమత్తా? యాడుస్తాండావా?"

"లేదురా," అంది. "ఊరికే."