గుమ్మడికాయ మీద నిషేధం

ఆఫీసులో ఆవిడని కత్తెరమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి. దేశంలో ఇంటర్నెట్ అంతా ఒకే భవనం గుండా పోయేది. అందులో ఏసీ నీళ్లు కారే ఓ గదిలో కూర్చుని, పైవాళ్లు ఏ మాట ఆపమంటే ఆ మాట ఆపడం ఆవిడ ఉద్యోగం. ఆ మాటున్న మెసేజీ పంపినవాడికి పోయినట్టే కనిపిస్తుంది, అవతలివాడికి మాత్రం చేరదు.

ఒకరోజు ‘గుమ్మడికాయ’ ఆపమన్నారు. జనం సమాచార మంత్రిని ఆ పేరుతో పిలుస్తున్నారట. ఆయన తల చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. కత్తెరమ్మ నవ్వు ఆపుకుని, మాట కూడా ఆపేసింది.

వారం తిరక్కుండా అక్క వచ్చిపడింది. అక్కది కూరగాయల టోకు వ్యాపారం. ఆర్డర్లన్నీ ఫోన్లో మెసేజీలుగానే వస్తాయి.

"ఒక్క గుమ్మడికాయ కదల్లేదే. షెడ్డంతా కంపు. నీ పనేనా?"

"పైవాళ్లు చెప్పారక్కా."

"అమ్మ పోయాక నీకు జడలేసి బడికి పంపింది పైవాళ్లా, నేనా?"

ఆ మాట సూటిగా తగిలింది. అయినా ఉద్యోగ భయం. కత్తెరమ్మ నిషేధం అలాగే ఉంచింది.

అక్క ఊరుకునే రకం కాదు. కొట్లవాళ్లతో మాట్లాడుకుని గుమ్మడికాయకి కొత్త పేరు పెట్టింది: మంత్రిగారు.

"ఇరవైమంది మంత్రిగార్లని పంపు. పోయినసారి ఇద్దరు లోపల కుళ్లిపోయి ఉన్నారు."

"సగానికి కోసిన మంత్రిగారు దొరుకుతారా?"

ఇలాంటివి తెరమీద వరసగా పోతుంటే కత్తెరమ్మ దగ్గు వచ్చినట్టు నటిస్తూ నవ్వుకుంది. నాలుగు రోజుల్లో ఊరంతా అదే మాట. పెద్దసారు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "మంత్రి అన్న మాటా ఆపెయ్యమ్మా" అన్నాడు.

మామూలుగా అయితే, ఆపితే ఏమవుతుందో చెప్పేది. ఆరోజు అక్క మొహం గుర్తొచ్చి, "అలాగే సార్" అని ఊరుకుంది.

మంత్రిగారి ప్రసంగాలు గాల్లో కలిసిపోయాయి. ఆయన కూతురి పెళ్లికి ఫోన్లలో పంపిన శుభలేఖలూ అంతే. పెళ్లిలో వియ్యాలవారు ఖాళీ కుర్చీల మధ్య బిక్కమొహాలేసుకు కూర్చున్నారు. మర్నాడే రెండు మాటల మీదా నిషేధం ఎత్తేశారు. కత్తెరమ్మని పాత కేబుళ్లు పడేసే స్టోరు గదికి మార్చారు.

మెసేజీలు చదివేది తనే గనక, ఇన్నేళ్లూ ఆవిడ ఎవరికీ మనసులో మాట రాసి ఎరగదు. స్టోరు గదిలో ఓ కేబుల్ చుట్ట మీద కూర్చుని అక్కకి చాంతాడంత మెసేజీ పెట్టింది. సగం పెద్దసారు మీద, సగం మంత్రి మీద.

అక్క వెంటనే ఫోన్ చేసింది.

"ఇంత నోరుందా నీకు? ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?"