శేషగిరి గారు పెంచిన ముప్పై అయిదు మిల్లీమీటర్లు

నిన్న పొద్దున పాత ఆఫీసు నుంచి సునీల్ మెసేజ్ పెట్టాడు. "శేషగిరి సర్" అన్న రెండు ముక్కలే చూసి, ఏదో మీటింగ్ గొడవ అనుకుని "ఠీక్ హై, లంచ్ తర్వాత మాట్లాడతా" అని రిప్లై కొట్టేశాను.

వెంటనే ఫోన్ చేశాడు. "భాయ్, మెసేజ్ పూరా పఢో."

చదివాను. గుండెపోటు. ఢిల్లీలో, సాకేత్‌లోని ఇంట్లోనే పోయారట. యాభై ఏడేళ్ళు.

ముందే ఒప్పుకున్న ఆఫీసు మీటింగ్‌కి వెళ్ళి కూర్చున్నాను కూడా. ఎవరేం మాట్లాడారో తెలియదు.

ఆయన్ని ఎరగనివాళ్ళకు: తెనాలి మనిషి. గుర్గావ్‌లో మా కార్ల కంపెనీలో బాడీ ఇంజనీరు. నేను అప్పట్లో అక్కడే డిజైనర్‌ని. నేను గీసినది ఫ్యాక్టరీలో తయారవుతుందా, అందులో మనుషులు పడతారా అని చూడటం ఆయన పని. అంటే నేను గీయాలి, ఆయన కొట్టేయాలి.

ప్రగతి మైదాన్ ఎక్స్‌పోలో మా షో కారు పెట్టాం. డోర్లకు హ్యాండిల్స్ కనిపించవు. చక్రాలు ఇంతింత. పైకప్పు ముందు నుంచి వెనక్కి ఒకే గీతలా జారిపోతుంది.

ఆ గీత నాది. జనం క్యూ కట్టి ఫోటోలు దిగుతుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

ఎక్స్‌పో అయ్యాక, అమ్మకానికి పనికొచ్చేలా మార్చడానికి కారు శేషగిరి గారి చేతికి వెళ్ళింది. హ్యాండిల్స్ బయటికొచ్చాయి. చక్రాలు చిక్కిపోయాయి. సైడ్ మిర్రర్లు పెద్దవయ్యాయి, లేకపోతే వెనకొచ్చే బస్సు కనపడదట. అన్నిటికీ సరే అన్నాను. పైకప్పు జోలికి మాత్రం రావద్దన్నాను.

ఆయన వాదించలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ కారు నడిపే సర్దార్జీ, బల్వీర్ పాజీని స్టూడియోకి తీసుకొచ్చారు. అక్కడ కారు సైజులోనే చెక్కతో చేసిన నమూనా ఉండేది. లోపల సీట్లు మాత్రం నిజమైనవి. పాజీని వెనక సీట్లో కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, తాపీగా తాగమన్నారు.

తలపాగా కారు పైకప్పుకి ఆనింది. పాజీ మెడ పక్కకి వంచుకున్నాడు. అలాగే తాగాడు.

"ఆరామ్ సే హో?" అని అడిగారు శేషగిరి గారు.

"హాంజీ సర్, బఢియా గాడీ హై." మెడ ఇంకా వంగే ఉంది.

ఆయన నన్ను పక్కకి పిలిచారు. "చూడవయ్యా, ఎంత మొహమాటపడుతున్నాడో. రేపు డబ్బిచ్చి కొనుక్కున్నాక కూడా ఇలాగే కూర్చోవాలా?"

"వాళ్ళు వేరే కారు కొనుక్కుంటారు లెండి," అన్నాను.

అవును, ఆ మాట అన్నాను. ఇంతమంది సర్దార్జీలున్న ఢిల్లీలో కార్లు అమ్ముకుంటూ అన్నాను. ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, టేపుతో కొలిచి, నోట్‌బుక్‌లో 35 అని రాసుకున్నారు.

పైకప్పు ముప్పై అయిదు మిల్లీమీటర్లు లేచింది. నా గీత పోయింది. "ఇది నీ కారేనా యార్?" అని స్టూడియోలో ఏడిపించారు. నాలుగు నెలలు ఆయనతో లంచ్‌కి కూర్చోలేదు. రోజూ వేరే టేబుల్ వెతుక్కునేవాణ్ణి, చిన్నపిల్లాడిలా.

లాంచ్ రోజున పత్రికలవాళ్ళందరూ వెనక సీట్లోనే ఎక్కి కూర్చున్నారు. ఇంత చిన్న కారులో ఇంత చోటా అని ఒకటే పొగడ్తలు. ఈ ఐడియా ఎలా వచ్చిందని మైక్ నాకిచ్చారు.

"మొదటి గీత నుంచీ ఇండియన్ ఫ్యామిలీనే మనసులో పెట్టుకున్నాం," అన్నాను. తడబడకుండా.

శేషగిరి గారు ఆఖరి వరుసలో నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత దగ్గరికొచ్చి, "బాగా మాట్లాడావయ్యా. మైక్ కాస్త దూరంగా పట్టుకోవాల్సింది," అన్నారు. ఎత్తిపొడుపేమో అని మొహంలో వెతికాను. కనిపించలేదు.

ఆ మాటల మీదే నాకు ప్రమోషన్ వచ్చింది. తర్వాత నోయిడాలో ఇంకా పెద్ద ఉద్యోగం. నిజం చెప్పడానికి మూడేళ్ళు టైమ్ దొరికింది. సాకేత్ ఎంత దూరమని?

నిన్న సాయంత్రం మెట్రో పనుల ట్రాఫిక్ దాటుకుని ఆయన ఇంటికి చేరాను. వాళ్ళమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ వచ్చేస్తుంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది.

"అంకుల్, రోడ్డు మీద ఆ కారు కనిపిస్తే చాలు, పప్పా హర్ బార్ బోల్తే థే, మన వాసు డిజైన్ చేశాడమ్మా అని. ఎవ్రీ సింగిల్ టైమ్."

నేను తలూపాను.

నిజం చెప్పకుండా నిన్న కూడా తలే ఊపాను. సిగ్గుగా ఉంది.

లాంచ్ ఫోటో కింద నాకు కంగ్రాట్స్ చెప్పినవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. మీరంతా మెచ్చుకున్న ఆ వెనక సీటు నా ఐడియా కాదు. నేను వద్దని పోట్లాడాను. అది శేషగిరి గారిది. ఈ పోస్ట్ వాళ్ళమ్మాయికి ఎవరైనా చదివి వినిపించండి. తనకి తెలుగు చదవడం రాదు.

ఉంటాను, శేషగిరి గారూ. మీ ఆత్మకు శాంతి కలగాలి. నాకు ఇప్పట్లో కలగదు.