ఓడ ఎంత దూరంలో ఉంది?

ఆ రోజుల్లో నాకు పొద్దున్న తొమ్మిదింటికి భయం మొదలయ్యేది. బళ్ళు మూతపడ్డ ఏడాది సంగతి ఇది. నేను కాకినాడ నుంచి కంప్యూటర్ కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చి, మైత్రీవనం మెట్లు ఎక్కి దిగి, చివరికి పంజాగుట్టలో ఒక చిన్న బడిలో తొమ్మిది, పది తరగతుల లెక్కల టీచర్‌గా తేలాను. (నాతో కోర్సులో చేరినవాళ్ళంతా ఆఫీసులకు పోయారు, నాకు సుద్దముక్క దొరికింది.) ఆ సుద్దముక్కయినా చేతికి అలవాటు కాకముందే లాక్‌డౌన్ వచ్చింది. ఇక అద్దెగదిలో బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, తెర మీది నల్లటి గడులకు త్రికోణమితి చెప్పడం నా వంతైంది. ఆ గడుల మీద పిల్లల పేర్లు కూడా ఉండేవి కావు. ఇంట్లో ఎవరి ఫోనైతే వాళ్ళ పేరే: "డాడీ", "ప్లంబర్ అన్న", "మమ్మీ ఫోన్". "అర్థమైందా?" అని అడిగితే ఒక్క గడీ పలికేది కాదు. తరగతిలోనైతే ముఖాలు చూసి కనిపెట్టేదాన్ని. ఇక్కడ నా ముఖమే నాకు కనబడుతూ ఉండేది, అదీ బిక్కమొహం.

అన్నిటికంటే ఎక్కువ బెంగ రేడియో గురించి. బోరబండ నుంచి వచ్చే ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది మా స్టాఫ్ రూమే. దాని నోరు మూయించడానికే నాకు సగం పీరియడ్ పోయేది. అలాంటిది ఆన్‌లైన్ మొదలయ్యాక ఒక్క మాట లేదు. దాని "మమ్మీ ఫోన్" గడి మాత్రం రోజూ టంచనుగా వచ్చి కూర్చునేది. పేరు పెట్టి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. పొరపాటున మైక్ తెరుచుకున్నప్పుడల్లా కుక్కర్ కూతలు, తాలింపు చిటపటలు వినబడేవి. వాళ్ళమ్మ శ్రీనగర్ కాలనీలో ఇళ్ళల్లో వంట చేస్తుందని నాకు తెలుసు. పిల్లని కూడా పనికి పెట్టేశారని తీర్మానించేసుకున్నాను. దానికి తోడు మా కరస్పాండెంట్ సార్ మీటింగ్ పెట్టి, "పలకని పిల్లల పేర్లు ఇవ్వండమ్మా. వాళ్ళని ఈ ఏడాది పదో తరగతి పరీక్షకు పంపేది లేదు" అన్నారు. ఈ ఏడాది ఆగిపోయిందంటే రేడియో మళ్ళీ బడి మొహం చూడదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడు తెగించాను. లైట్‌హౌస్ మీద నించున్న మనిషికి సముద్రంలో ఓడ కనబడుతుంది, అది ఎంత దూరంలో ఉందో కనుక్కునే లెక్క. కాగితం మీద బొమ్మ గీసి కెమెరాకు చూపించి (ఓడ నేను గీస్తే గిన్నెలా వచ్చింది), రేడియోని పేరు పెట్టి పిలిచాను. "ఇవాళ నువ్వే చెప్పాలి. క్లాసు టైములో ఆ వంటేంటి? ఇప్పుడు కూడా పలక్కపోతే నీ పేరు తీసేస్తారు. చెప్పు, ఓడ ఎంత దూరంలో ఉంది?"

మైక్ తెరుచుకుంది. ముందు గరిటె చప్పుడు, దాని వెనకే ఒక పెద్దామె గొంతు, భయం భయంగా.

"జర దగ్గరికే వచ్చింది మేడం."

గడులన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. నెలల తరబడి నేను వినని నవ్వు అది. నాకు మాత్రం నవ్వు రాలేదు. "మీరెవరండీ?" అన్నాను.

"పిల్ల అమ్మను మేడం. కోపం చెయ్యకున్రి. ఇంట్ల ఒక్కటే ఫోను, పని కాడికి నాతోనే తెచ్చుకోవాలె. క్లాసుల లేకుంటె పేరు తీస్తరని భయమై, వంట చేసుకుంట నేనే కూసుంటున్న. మీరు చెప్పింది మొత్తం ఇని, ఇంటికి పోయినంక బిడ్డకు చెప్తున్న. దాని పేరు మాత్రం తియ్యకున్రి, మీ కాళ్లు మొక్కుత."

నవ్వులు ఆగిపోయాయి. "అలాగేనమ్మా" అని మాత్రం అన్నాను.

సాయంత్రం ఫోన్ చేస్తే రేడియో దొరికింది. "అమ్మ నీకు ఏం చెబుతోందే?" అని అడిగాను.

"కథలు మేడం! ఒగడు లైట్‌హౌస్ ఎక్కిండంట, ఓడ వస్తున్నదంట. అంకెలు ఒక్కటి సుత చెప్పది. గా కథ ఏ లెక్కలదో పుస్తకంల దేవులాడి నేనే చేసుకుంటున్న. మొన్న నిచ్చెన మీది మనిషి పడ్డడా లేదా అని నన్నే అడుగుతున్నది!"

ఓడ దూరం ఎంతొచ్చిందే అంటే టక్కున చెప్పింది. నేను కాగితం తీసి లెక్క వేసి చూసుకున్నాను (పిల్ల మీద అనుమానం కాదు, నా మీదే), సరిపోయింది. వెంటనే కరస్పాండెంట్ సార్‌కి ఫోన్ చేసి, రేడియో పేరు ఇవ్వనని చెప్పి, లెక్కల క్లాసు సాయంత్రానికి మార్చమని అడిగాను. "సాయంత్రం ఎవరొస్తారమ్మా?" అని నవ్వుతూనే ఒప్పుకున్నారు. అందరూ వచ్చారు. ఫోన్లు ఇళ్ళకు చేరేది అప్పుడే మరి. ఇన్నాళ్ళూ నా త్రికోణమితి ఎన్ని ఆటోల్లో, ఎన్ని బాత్రూముల్లో కుళాయిల పక్కన తిరిగిందో తలుచుకుంటే సిగ్గేసింది. రేడియో మళ్ళీ మొదలైంది, దాని నోరు మూయించడం నాకు మళ్ళీ పనైంది. వాళ్ళమ్మ కూడా పక్కనే కూర్చునేది. అలిసిపోయి వచ్చారు, పడుకోండమ్మా అంటే వినేది కాదు.

చివరికి పరీక్షలు రద్దు, అందరూ పాస్ అని టీవీలో వచ్చింది. నేను మంచం మీద వాలిపోయి హాయిగా ఏడ్చాను. రేడియో వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"అందరు పాసైన్రంట గదా మేడం, మస్తు సంతోషం. మరి రేపు క్లాసు?"

"ఇంక లేదమ్మా, అయిపోయింది."

"అయిపోలే గదా! గా టోపీ తీరున్న దాంతోని డ్రమ్ముల నీళ్లు వోస్తున్రు, సగంలనే ఆపిన్రు. నిండుతదా, లేదా?"

శంకువుతో డ్రమ్ము నింపే లెక్క సగంలో ఆపిన మాట నిజమే. మర్నాడు సాయంత్రం క్లాసు పెట్టాను, పరీక్షే లేని క్లాసు. డ్రమ్ము నిండేదాకా ఫోన్ కట్ చెయ్యలేదు.

రేడియో ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఫోన్ చేస్తే నాకు మాట్లాడే సందు ఇవ్వదు. ఎవరూ వినడం లేదని అన్నం మానేసి బిక్కచచ్చి కూర్చున్న ఆ కుర్ర టీచరమ్మను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి ఆ తర్వాత నాకు మళ్ళీ దొరకలేదు.