రెండు వానల పుంటికూర

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మా కుటుంబం జగిత్యాల వైపు పల్లె నుంచి మహారాష్ట్రలోని భివండికి వచ్చింది. నాన్న అప్పటికే అక్కడి కామత్‌ఘర్‌లో ఒక మగ్గాల కార్ఖానాలో పనిచేస్తున్నాడు. మా మూటల్లో గిన్నెలు, బొంతలతో పాటు పాత రవికె గుడ్డలో కట్టిన పుంటికూర విత్తనాలు కూడా వచ్చాయి. గోంగూరను మా వైపు పుంటికూర అంటారు. బయలుదేరే పొద్దున ఆ గుడ్డను అమ్మ చేతిలో పెట్టింది మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క. ఆమె పెరటి పుంటికూర పులుపు ఇంకెవరి ఇంట్లోనూ రాదని వాడంతా చెప్పుకునేవాళ్లు.

మేమొక వరస గదుల చాళీలో ఉండేవాళ్లం. దాని వెనక, కార్ఖానా గోడకూ మురికికాలువకూ నడుమ చాప పరిచినంత నేల ఉండేది. మగ్గాల నుంచి లేచిన దూది పోగులు కిటికీల్లోంచి వచ్చి ఆ నేల మీద వాలేవి. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే అమ్మ అక్కడ విత్తనాలు చల్లింది. ఊళ్లో ఎప్పుడూ అప్పుడే చల్లేది. మొలకలు ముచ్చటగా వచ్చాయి. కానీ ఆ తర్వాత వాన ఆగలేదు. మా ఊళ్లో వాన ఒక పూట దంచికొట్టి, నాలుగు రోజులు ఎండనిచ్చి, మళ్లీ ఎప్పుడో వచ్చేది. ఇక్కడ ఉతికిన బట్టలు వారమైనా ఆరవు, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది. మొలకలు మొదళ్ల దగ్గర నల్లబడి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. రేకుల చూరు కింద మట్టి కూడా కొట్టుకుపోయింది.

"మనకాడ వాన వచ్చి పోతది. ఈడ వచ్చి కాపురం పెడ్తది," అన్నది అమ్మ.

నయమేమిటంటే, విత్తనాలన్నీ ఒకేసారి నేలపాలు చేసే అలవాటు ఆమెకు లేదు. సగం దాచింది.

పక్క గదిలో కొంకణ్ పల్లె నుంచి వచ్చిన ఒక మరాఠీ ముసలామె ఉండేది. అందరం ఆజీ, అంటే అవ్వ, అని పిలిచేవాళ్లం. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు మరాఠీ రాదు. బడిలో అప్పుడప్పుడే మరాఠీ నేర్చుకుంటున్న నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేదాన్ని. చచ్చిన మొలకను చూసి ఆజీ, ఇది మా అంబాడీయే కదా అన్నది. ఇక్కడి నీళ్లలో వరికి తప్ప దేనికీ సుఖం లేదని, గణపతి నిమజ్జనం అయ్యాక విత్తమని చెప్పింది.

మరుసటి ఏడు అమ్మ అలాగే విత్తింది. ఈసారి ఏదీ కుళ్లలేదు. కాండాలు ఎర్రగా, గట్టిగా లేచాయి. కానీ మోకాలెత్తు కూడా రాకముందే ప్రతి కొమ్మకూ మొగ్గ కనిపించింది. పూత మొదలైతే ఇక ఆకు రాదు. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "గింత పిల్లకు పెండ్లేందే?" అన్నది. నేను మరాఠీలో చెప్పేసరికి ఆజీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

అది ఎందుకలా చేసిందో నాకు పెద్దయ్యాక కాలేజీ పుస్తకంలో దొరికింది. పుంటికూరకు రాత్రి ఎంత పొడుగుందో తెలుస్తుందట. రాత్రులు పెరిగితే పూత కాలం వచ్చిందని అర్థం చేసుకుంటుంది. వానాకాలం మొదట్లో మొలిచినదానికి పెరగడానికి నెలల తరబడి వ్యవధి ఉంటుంది. ఆలస్యంగా మొలిచినదానికి అంత ఉండదు. అందుకని ఉన్న ఒంటితోనే పూసి, నేల ఎండేలోపు గింజ కట్టేస్తుంది. ఆ ఏడు మాకు కూర రెండు పూటలకే వచ్చింది. విత్తనం మాత్రం గుప్పెళ్లకొద్దీ వచ్చింది.

మూడో ఏడు అమ్మ మళ్లీ తొలి వానకే విత్తింది, కానీ నేల మీద కాదు. కార్ఖానాకు నూలు వచ్చే ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపి, కింద చిల్లులు పెట్టి, ఇటుకల మీద నిలబెట్టింది. ఒక గింజ మాత్రం సంచి మీద నుంచి జారి కింద నీళ్లు నిలిచే గుంటలో మొలిచింది. అది ఎలాగూ చస్తుందని ఎవరూ పట్టించుకోలేదు. శ్రావణంలో ఒక రోజు అమ్మ చూస్తే అది సంచుల్లోవాటితో సమానంగా ఉంది. వంగి చూసింది. నీళ్లలో మునిగిన కాండం చుట్టూ, నేలకు పైన, తెల్లటి వేళ్లు నూలుపోగుల్లా కుచ్చుగా వచ్చి ఉన్నాయి. ఆజీని కేకేసి పిలిచింది. ఇద్దరూ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆ గుంట పక్కన గొంతుక్కూర్చున్నారు.

"కాళ్లు మునిగినయని చేతుల తోటి ఊపిరి తీస్కుంటున్నది," అన్నది అమ్మ.

అది నిజమే. నీళ్లు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి అందదు. అందుకని కొన్ని మొక్కలు గాలి తగిలే చోట కాండం నుంచే కొత్త వేళ్లు వేసుకుంటాయి. ఆ మొక్కను అమ్మ కోయలేదు. గింజ ముదిరేదాకా ఉంచి, దాని విత్తనాన్ని విడిగా మూటగట్టింది. అప్పటినుంచి ప్రతి ఏడూ వానకు నిలబడ్డ మొక్కలనే విత్తనానికి వదిలేది.

మొక్కలు దక్కాయి కానీ ఆకు మారిపోయింది. ఊళ్లో పుంటికూర ఆకు చిన్నది, దళసరిది, వేళ్లకు కరుగ్గా తగిలేది. ఇక్కడ మొక్క నన్ను మించి పెరిగింది. ఆకు అరచెయ్యంత వెడల్పయి, పలచగా, మెత్తగా వచ్చింది. పొడి గాలిలో పెద్ద ఆకు వేస్తే మొక్కకు నీటి నష్టం, కాబట్టి అక్కడ పిసినారిగా బతికింది. ఇక్కడ నీటికి కరువు లేదు, కరువల్లా వెలుతురుకే. మబ్బు కింద, రెండు గోడల నడుమ, అది వెలుతురు కోసం పైకి సాగి, దొరికినంత పట్టుకోవడానికి ఆకులు పరిచింది. ఇదంతా అప్పుడు మాకు తెలియదు. పప్పులో వేశాకే తేడా తెలిసింది.

నాన్న కార్ఖానాలో పగటి పాళీ దిగి వచ్చి, అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. "పప్పు మంచిగనే ఉన్నది. పుంటికూర ఏది మరి?" అన్నాడు.

అమ్మ తల వంచుకుని ఇంకో గరిటె వడ్డించింది. నాన్నకు సంగతి అర్థమై ఆ కంచంలో మెతుకు మిగల్చకుండా తిని, మళ్లీ పెట్టమన్నాడు. తర్వాత అమ్మ ఆ పప్పులో పులుపు కోసం పచ్చిమామిడి ఒరుగులు వేయడం మొదలుపెట్టింది. ఆజీ అదే ఆకును జొన్న రవ్వతో ఉడికించి, పైన వెల్లుల్లి పోపు పోసి గిన్నెడు పంపేది. ఆ వంట అమ్మకు ఎంత నచ్చిందంటే, ఆజీ పోయిన తర్వాత కూడా మా ఇంట్లో వారానికోసారి అది ఉంటుంది.

నాకు పెళ్లయి భివండిలోనే వరాలా తలావ్ అనే చెరువు దగ్గరికి వచ్చాను. మా మేడ పై అంతస్తు బాల్కనీలో కుండీలో అవే విత్తనాలు వేశాను. చెరువు మీది గాలి రోజంతా ఊపడం వల్ల అక్కడ మొక్క పొట్టిగా, లావు కాండంతో పెరిగింది. చూడ్డానికి వచ్చిన అమ్మ దాని కాండాన్ని వేళ్లతో నొక్కి, గాలికి నడుం గట్టిపడ్డదని మెచ్చుకుంది.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. దాచిన విత్తనానికి పురుగు పట్టిందని, బజారు పాకెట్ల విత్తనం వేస్తే ఆకులో పులుపు లేదని, తానిచ్చిన విత్తనమే కొంచెం పంపమని అడిగింది. అమ్మ సరేనన్నది కానీ రెండు రోజులు దిగులుగా ఉంది. మూడో రోజు నాతో అన్నది:

"అక్క మంచి విత్తనం ఇచ్చింది బిడ్డా. నా తాన అది గిట్లయింది. ఏం మొఖం పెట్టుకొని పంపాలె?"

నేల, గాలి మారితే అదే విత్తనం వేరే ఆకు వేస్తుందని నేను చదివింది చెప్పాను. ఇన్నేళ్లు ఏరి ఏరి పెట్టిన విత్తనం లోపల ఎంత మారిందో మాత్రం నాకూ తెలియదు. "పుస్తకంల పులుపు ఉంటదా?" అన్నది అమ్మ. చివరికి ఊరికి పోయే బస్సులో తెలిసిన వాళ్ల చేతికిచ్చి పంపింది. మొక్కలు బాగున్నాయని పెద్దమ్మ ఫోన్లో చెప్పినా, తన మనసు కష్టపెట్టలేక అంటున్నదని అమ్మ అనుకుంది.

వానలు తగ్గుముఖం పట్టాక పెద్దమ్మకు కంటి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి అమ్మ, నేను వెళ్లాం. నల్లద్దాలు పెట్టుకుని గద్దె మీద కూర్చున్న అక్కను పలకరించి, కాళ్లయినా కడుక్కోకుండా అమ్మ పెరట్లోకి నడిచింది. మొక్కలు నడుమెత్తు కూడా లేవు. మొదలు నుంచే కొమ్మలు వేసి గుబురుగా ఉన్నాయి. ఆకులు చిన్నవి, దళసరివి. ఒకటి రెండు మొక్కలకు మాత్రం ఆకు కాస్త వెడల్పుగా ఉంది. అమ్మ ఒక ఆకు తుంచి నమిలింది. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది. ఇంకోటి తుంచి నా నోట్లో పెట్టింది.

వెనకే గోడ పట్టుకుంటూ పెద్దమ్మ వచ్చింది. ఆ ఏడు ఊళ్లో ఎన్నడూ లేనట్టు వారం పొడుగునా వాన పడిందట. వాడలో అందరి పుంటికూరా నీళ్లు నిలిచి కుళ్లిపోయిందట.

"నీది ఒక్కటే నిలవడ్డది, చెల్లె," అన్నది పెద్దమ్మ. "నేను ఇచ్చిన దానికంటె మొండిగ చేసినవు దాన్ని. ఎట్ల చేసినవే?"

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ఆకు కోయడం మొదలుపెట్టింది. కొంగు నిండాక, పొయ్యి దగ్గరికి పోబోతున్న పెద్దమ్మను ఆపి, డాక్టరు పొగ దగ్గరికి పోవద్దన్నాడు కదా, వంట తాను చేస్తానన్నది. చుట్టంగా వచ్చిన దానివి నువ్వెట్ల చేస్తావని పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"విత్తనం నాది," అన్నది అమ్మ.

"నేల నాది," అన్నది పెద్దమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి పెద్దమ్మ గడప మీద కూర్చుని నూనె ఎంత, కారం ఎంత అని చెబుతుంటే అమ్మ చిన్నప్పటిలాగా తలూపుతూ వండింది. మామిడి ఒరుగు అక్కర్లేకపోయింది. నేను రొట్టెలు కాల్చాను. ఇంకో ఉల్లిగడ్డ కోసుకురమ్మని పెద్దమ్మ నన్ను రెండుసార్లు లేపింది.