మొహం కోసం విప్పిన రీలు

"ఒక్క మొహం కోసం కొత్త రీలు ఇప్పుతావేటే? పన్నెండు ఫొటోల రీలది."

"ఇప్పుతాను బావా. ఆ కుర్రోడు రేపు గుజరాతు ఎల్లిపోతాడు."

"మొన్న పాడుసేసినావు, అది సాల్లేదా?"

"పాడుసేసినాను కాబట్టే ఎల్తన్నాను."

ఎప్పుడో నరసన్నపేటలో, మా స్టూడియోలో నాకూ మా ఆయనకూ జరిగిన ఈ తగువు మొన్న మళ్ళీ చెవుల్లో మోగింది. మా మనవరాలు సరదాపడి నలుపు తెలుపు రీలు తెప్పించుకుని, అటక మీది పాత కెమెరా దింపి, ఏ ఫిల్మ్ ఎండకు, ఏది నీడకు అని ఫోనులో వెతుక్కుంటోంది. తీసిన రీలు మందునీళ్ళలో కడగాలంటే ఏదో నగరానికి పంపాలట, మన జిల్లాలో కడిగేవాళ్ళు లేరట. నాలుగో తరగతితో బడి మానేసినదాన్నయినా ఈ పని నాకు తెలుసు కనుక కూర్చోబెట్టి చెప్పాను. పెళ్ళి ఫొటో నలుపు తెలుపులో దాచుకున్న మీకూ అదే చెబుతున్నాను.

మా మామగారి నాటి నుంచి స్టూడియోలో ఒక కట్టడి ఉండేది. కెమెరాలో ఉన్న రీలు పూర్తయ్యేదాకా కొత్తది విప్పకూడదు, పూర్తి కానిదాన్ని కడగకూడదు. ఆ కట్టడి నాకూ నచ్చింది, దుబారా అంటే నాకు చిన్నప్పటి నుంచీ మంట. చీకటిగదిలో రీళ్ళు కడగడం మా ఆయన దగ్గర నేర్చుకున్నానే గాని, కెమెరా పట్టి బయటికి వెళ్ళింది లేదు. ఆయనకు జ్వరం తగిలి చేతులు వణుకుతున్న వారంలో, మా వీధిలో ఎండుచేపలమ్మే ఆమె వచ్చి, పడవల పనికి గుజరాతు వెళ్ళిపోతున్న తన కొడుకును తమ పల్లెలో సముద్రపు ఒడ్డున ఒక్క ఫొటో తీసిపెట్టమని అడిగింది. వెళితే ఎనిమిది నెలలు రాడు, మొహం చూసుకోడానికి ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. నేను వెళ్ళాను.

కెమెరాలో ఎవరిదో పెళ్ళికి ఎక్కించిన ఫాస్ట్ ఫిల్మ్ ఉంది, ఇంకా మూడు ఫొటోలు మిగిలాయి. పందిట్లో నీడకు పనికొచ్చే ఆ రీలును, మూడూ వృథా కాకూడదని ఇసక మీదికి పట్టుకుపోయాను. కుర్రాణ్ణి పడవ పక్కన, సముద్రం వెనక కనబడేలా నిలబెట్టాను. పొద్దున సూర్యుడు ఆ సముద్రం మీదే ఉన్నాడన్న ధ్యాస లేదు. ఇసక మెరుపు చూసి, ఎండకు ఫిల్మ్ మాడిపోతుందని బెదిరి, వెలుగు తక్కువ పడేలా లెన్సును ఆఖరి గీత దాకా మూసేసి మూడూ నొక్కేశాను.

కడిగి అచ్చు వేస్తే ఇసకలో గవ్వలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. కుర్రాడి మొహం మాత్రం మసిపట్టిన దాకడుగులా ఉంది. తల్లి ఆ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పడవ బాగున్నాదమ్మా. మా వోడేడీ?" అంది.

ఆ సాయంత్రమే కొత్త రీలు బయటికి తీశాను. మా తగువు అప్పటిదే.

మర్నాడు తొలి బస్సుకే వెళ్ళాను. ఈసారి ఎండకు తగిన స్లో ఫిల్మ్ ఎక్కించాను. సంచి చంకన పెట్టుకుని బయల్దేరబోతున్న కుర్రాణ్ణి సముద్రానికి ఎదురుగా తిప్పి నిలబెట్టాను. వెనక గుడిసెల వరుస వచ్చింది, పడవ రాలేదు, రానక్కర్లేదు. ఇసక వంక చూడకుండా అతని చెంప మీద పడుతున్న వెలుగునే చూసి, దానికి తగినట్టు లెన్సు తెరిచి, ఒక్కసారి నొక్కాను. రెండోది తియ్యలేదు, అవసరం లేదని నాకు తెలుసు. అతను వెళ్ళి బస్సెక్కాడు.

నేను స్టూడియోకి వచ్చేసరికి మా ఆయన దుప్పటి కప్పుకుని చీకటిగదిలో కూర్చుని ఉన్నాడు, రీలు కడిగే మందులు కలిపేసి. మిగతా పదకొండూ తీశాక కడుగుదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. తలుపు వేసి రీలంతా కడిగాను. పదకొండు ఖాళీ, ఒక్కదాంట్లో మనిషి. క్లిప్పు పెట్టి తీగ మీద ఆరేశాను.