ఇంటి దిక్కు

ఒక రెక్కతో ఎగిరే విమానం కట్టుకుంటే ఎవరైనా వద్దన్నారా? మా ఆయనకు రెండంతస్తుల రెక్కలదే కావాలి. కింద ఒకటి, దాని నెత్తిన ఇంకొకటి, మధ్యలో నిలువు పుల్లలు, వాటిని బిగించి పట్టడానికి సన్నటి తీగలు. రిమోటుతో నడిచే బొమ్మ విమానమే గానీ మా మంచంలో సగం ఉంటుంది. రెండు రెక్కలంటే ఇస్త్రీ కూడా రెండింతలు. ఆ ఇస్త్రీ నాది.

నేను ఉప్పుగూడలో ఇంటి దగ్గరే చీరలకు ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను. పొద్దుటి నుంచి మెడ వంచి మిషన్ మీద కూర్చుంటే సాయంత్రానికి తల ఎవరిదో అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆయన దూదిలా తేలికైన బాల్సా కట్టెతో అతికించిన రెక్కను, ఇంకా ఎముకలు తప్ప ఏమీ లేనిదాన్ని, రెండు చేతుల మీద తెచ్చి నా ముందు పెట్టేవాడు. దాని మీద రంగు ప్లాస్టిక్ పొర పరిచి, చిన్న ఇస్త్రీ పెట్టెతో అంచుల నుంచి అంటించుకుంటూ రావాలి. వేడి తగ్గితే ముడత, ఎక్కువైతే చిల్లు.

"జార్జెట్ చీర అనుకో" అనేవాడు.

"జార్జెట్ చీరైతే కట్టుకునేటోళ్లు ఉంటరు. దీన్ని ఎవరు కట్టుకుంటరు?" అనేదాన్ని. అంటూనే చేసేదాన్ని.

ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఫ్యాన్లకు, నీళ్ల మోటార్లకు వైండింగ్ చేసేవాడు. వెంట్రుక లాంటి రాగి తీగను చుట్టు పక్కన చుట్టు పేర్చే పని. ఆదివారం వస్తే థర్మోకోల్ విమానాలు ఎగరేసే దోస్తులతో ఊరి బయటికి పోయేవాడు. కొందరి మొగుళ్లు పేకాటకు పోతారు, నా మొగుడు గాలిలోకి పోతాడు అని సర్దుకున్నాను.

ఆ రెక్కలు సగంలో ఉండగానే గిలాసలు పడేయడం మొదలైంది. కంచం కనిపించేది, దాని పక్కనున్న గిలాస కనిపించేది కాదు. దర్వాజకు భుజం కొట్టుకునేవాడు. ఆస్పత్రికి తీసుకుపోతే నీటికాసులన్నారు. చూపు అంచుల నుంచి పోతుందట, మధ్యలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంత మిగులుతుందట. పోయింది రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నేను అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాను. ఆయన మాత్రం ఆటోలో వస్తూ ఒకే మాటన్నాడు.

"ఒక్క సున్నా చుట్టాలె."

సున్నా అంటే విమానాన్ని ఆకాశంలో నిలువుగా పైకి తీసుకుపోయి, వెల్లకిలా తిప్పి, బయల్దేరిన చోటికే దించడం. థర్మోకోల్ విమానాలతో ఆయన చాలాసార్లు చుట్టాడు గానీ అన్నీ కోడిగుడ్లే వచ్చాయి. రెండు రెక్కలది నిదానంగా, గుండ్రంగా తిరుగుతుందని ఆయన నమ్మకం. తన చేత్తో కట్టినదానితో, తన చేత్తోనే, చూపు ఉండగానే గుండ్రటి సున్నా ఒక్కటి చుట్టి చూసుకోవాలి. అంతకు మించి ఏమీ అడగలేదు.

"ఇన్నేండ్ల సంసారంల చుట్టిన సున్నాలు సాలలేదా?" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఎగరేసే దోస్తుల్లోనే బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే ఒకాయన ఉన్నాడు. ఆయనను మేమిద్దరం భాయ్ అనే పిలుస్తాం. భాయ్ మా టీవీకి ఒక ఆట పెట్టి ఇచ్చాడు. అసలు రిమోటునే దానికి తగిలించి, తెర మీది విమానాన్ని ఎగరేయవచ్చు. రాత్రి గిన్నెలు తోమాక నేను పక్కన చాప మీద కూర్చునేదాన్ని. విమానం ఆయన చూపులోంచి జారిపోగానే "ఎటుంది?" అనేవాడు.

"ఎడమకు తిప్పు."

"ఎవరి ఎడమకు?"

అక్కడ లొల్లి. మనకు వీపు చూపించి పోయే విమానానికి ఎడమంటే మన ఎడమే. అది మన ముఖాన వస్తుంటే దాని ఎడమ మన కుడి అయి కూర్చుంటుంది. చూపున్నప్పుడు ఆయనకు ఇదొక లెక్క కాదు. ఇప్పుడు నా నోటి మీద నడవాలి, నా నోటికేమో ఎడమ కుడి పడవు. నాకనేముంది, మా బస్తీలో ఎవరికీ పడవు. దారి అడిగితే స్టేషన్ దిక్కు పోయి గుట్ట దిక్కు మలుగు అంటారు. చివరికి మేమూ అదే పెట్టుకున్నాం. టీవీకి ఈ అంచు స్టేషన్, ఆ అంచు చాంద్రాయణగుట్ట. మా వైపు రావాలంటే 'ఇంటికి'. ఆటో ఎక్కి డ్రైవర్‌కు చెప్పినట్టే. ఆ రోజు నుంచి కొట్లాట లేదు. కొన్నిసార్లు చెబుతూ చెబుతూనే నాకు కునుకు పట్టేది, తెర మీది విమానం పడిపోయేది, ఆయన మళ్లీ మొదలుపెట్టేవాడు.

చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే భాయ్ తన వ్యాను తెచ్చాడు. రెక్కలను నా పాత చీరల్లో చుట్టి ఎక్కించాం. ఇబ్రహీంపట్నం దాటినంక ఒక వెంచర్ ఉంది. వెడల్పాటి తారు రోడ్లు, ప్లాట్లకు హద్దురాళ్లు, ఒక్క ఇల్లు లేదు. మేకలు మాత్రం ఉన్నాయి. ఆ రోడ్డే మా రన్‌వే.

అక్కడ ఇంకో పని. మిగతా దోస్తుల విమానాలకు ఒక రెక్క తగిలిస్తే అయిపోతుంది. మాది కింది రెక్క బిగించాలి, పుల్లలు నిలబెట్టాలి, పై రెక్క కూర్చోబెట్టాలి, పైన కింద ఆడే పలకలు కలిసి కదిలేటట్టు వాటి మధ్య కమ్మీలు తగిలించాలి, ఆ మీద తీగలు. ఆయన అంతా వేళ్లతో తడుముకుంటూ చేశాడు. ఒక స్క్రూ కంకరలో పడితే నేను మోకాళ్ల మీద వంగి వెతికాను. నడుము పట్టేసింది. పెళ్లికూతురు కూడా ఇంతసేపు తయారు కాదు అని గొణుక్కున్నాను. నిజానికి విసుగు ఆ విమానం మీద కాదు. ఇదంతా దేనికోసం చేస్తున్నామో తెలిసి చేయడం, తెలియనట్టు జోకులు వేసుకోవడం, దాంతో అలిసిపోయాను.

భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "భాబీ, ఆయనకు జర సంఝావ్. మొదాలు నేను లేపి, పైకి పోయినంక రిమోట్ ఆయనకిస్త."

మా ఆయనకు చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు. "నువ్వు లేపితే అది నీ సున్నా అయితది భాయ్" అన్నాడు.

ఎండ కళ్లలో పడకుండా పడమటికి తిరిగి నిలబడ్డాం. ఇక్కడ స్టేషన్ ఏది, గుట్ట ఏది అని మళ్లీ ఒప్పందం చేసుకున్నాం. ఎడమన ఉన్న నీళ్ల ట్యాంకు స్టేషన్, కుడిన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గుట్ట.

లేచింది. మోటారు ఆయన చుట్టినదే, గొంతు బాగుంది. పసుపు రంగు రెక్కలు, నేను ఎంచిన రంగు. అది ఎక్కడ ఉందో నేను చెబుతున్నాను, ఆయన తిప్పుతున్నాడు. స్టేషన్ దిక్కు పోతుంది, మలుపు, ఇగ గుట్ట దిక్కు సీదా ఉంది. ఆయన బొటనవేళ్లు కదిలీ కదలనట్టు కదులుతున్నాయి.

"చుడుతున్న. చెప్తూ ఉండు."

"ముక్కు లేస్తుంది. నిలువుగ ఉంది. వీపు మీదకొస్తుంది, వచ్చింది." మోటారు గొంతు తగ్గించాడు. "ముక్కు కిందికి. దిగుతుంది. లేపు, లేపు. సీదా అయింది."

గుండ్రంగా వచ్చింది. కోడిగుడ్డు కాదు. రెండు రెక్కలూ ఒకదాన్నొకటి విడవకుండా తలకిందులై, వాటి సందులోంచి ఆకాశం కనిపించి, మళ్లీ నిటారుగా అయ్యాయి. మెడ నొప్పి, నడుము నొప్పి ఎటు పోయాయో తెలియదు. దూరంగా భాయ్ రెండు చేతులూ ఎత్తి, దిగడానికి దారి కావాలని రోడ్డు మీది మేకలను తోలడానికి పరుగెత్తాడు.

"ఇగ ఇంటికి తే" అన్నాను.

విమానం చక్కగా మలుపు తిరిగింది. మా వైపు కాదు. మాకెదురుగా, కొంచెం ట్రాన్స్‌ఫార్మర్ వైపుగా, ప్లాట్ల మీదుగా దూరం పోసాగింది.

"ఇటు, ఇటు" అన్నాను.

"ఎటు?"

కనిపించని మనిషికి 'ఇటు' ఒక దిక్కు కాదని ఆ క్షణంలో నాకు తట్టలేదు. "స్టేషన్ దిక్కు" అనేసరికి అది పిచ్చుకంత అయింది. ఏ రెక్క ఎటుందో నాకే అర్థం కాలేదు. వంగింది, జారింది, ఎవరిదో ప్లాటు చుట్టూ పాతిన సిమెంటు పలకల గోడ వెనక్కు పోయింది. చప్పుడు కొంచెం ఆగి వచ్చింది.

ఆయన వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"దిగిందా?"

"పడ్డది."

రిమోటు మీది నుంచి వేళ్లు తీశాడు. "ఇంటికి అంటివి గద" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఇల్లు అటే గద."

నిజమే. ఉప్పుగూడ అటే. కళ్లకు గంతలు కట్టి ఎక్కడ వదిలినా ఇల్లెటో చెప్పగలిగే మనిషి. టీవీ ముందు ఇల్లంటే మేమిద్దరం కూర్చున్న చాప. ఇక్కడికి వచ్చి స్టేషన్ ఎటో అనుకున్నాం, గుట్ట ఎటో అనుకున్నాం. ఇల్లెటో అనుకోలేదు.

భాయ్ ముక్కలు ఏరుకొచ్చాడు. పై రెక్క రెండుగా విరిగింది, పొర చీలికలై వేలాడుతోంది. "బన్ జాతా భాయ్, నీచే కా పర్ సలామత్ హై" అని, మళ్లీ కట్టుకోవచ్చని ధైర్యం చెప్పాడు. మా ఆయన విరగకుండా మిగిలిన ఆ కింది రెక్కను తడిమి చూసి, వ్యానులో పెట్టమన్నాడు.

వచ్చేటప్పుడు ఇద్దరం వెనక సీటులో కూర్చున్నాం. నేనే అడిగాను.

"ఎప్పుడు గాయబైంది నీ కండ్లకు?"

"లేచినంక. మొదటి మలుపుల."

సున్నా ఆ తర్వాతిది. "మరి సున్నా?"

"నువ్వు చెప్తుంటివి. నేను గుంజుతుంటి."

ఇన్ని నెలలు దేనికోసం ఇస్త్రీ చేశానో, దేనికోసం నిద్ర పాడు చేసుకున్నానో, అది నేను చూశాను. చూడాల్సిన మనిషి చూడలేదు. భాయ్ ఎత్తిన చేతులు కూడా ఆయన చూడలేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

"గుండ్రంగ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"గుడ్డు లెక్క గాదు గద?"

"కాదు. గుండ్రంగనే వచ్చింది."

ఆయన అరచెయ్యి తెరిచి నా ఒళ్లో పెట్టాడు. "ఎట్లొచ్చిందో గీయి."

చూపుడు వేలు ఆయన చేతి అంచున పెట్టి, పైకి తీసుకుపోయి, వెల్లకిలా మలిపి, నెమ్మదిగా కిందికి తెచ్చి, మొదలైన చోటే కలిపాను.

"ఇంకోసారి" అన్నాడు.

రెండోసారి గీస్తుంటే వ్యాను గుంతలో పడి వేలు జారింది, కోడిగుడ్డు వచ్చింది. అది చెరిపేసినట్టు ఆయన అరచేతిని నా కొంగుతో తుడిచి, మళ్లీ మొదటి నుంచి గీశాను.